అస్వామివిక్రయము

చేత మూలధనము లేకున్నను ఇండ్ల వ్యాపారమునకు పూనుకొనవచ్చునని అమెరికాదేశమున కొందరు రుసుము గైకొని మరీ బోధించుచున్నారు. దీనికి వారు పెట్టుకొన్న పేరు హోల్‌సేల్. పేరు గొప్పదే; కొట్టు లేదు, సరుకు లేదు.

పద్ధతి యిది. ఇల్లు శిథిలమైనచోట, పన్ను బకాయిపడినచోట, యజమాని గతించి వారసులు దూరముననున్నచోట మొదట వెదకవలెను. ఇంటివారిచేత క్రయపు ఒప్పందము వ్రాయించుకొని, స్వల్పమైన బయానా ఇచ్చి, గడువు తీరకముందే ఆ ఒప్పందపు హక్కును ఒక ధనికునకు మార్చి నడిమి సొమ్ము గైకొనవలెను. ధర కట్టుటకు వారికొక సూత్రము కలదు. మరమ్మతు పిమ్మట 2,00,000 డాలర్లు పలుకు నింటికి నూటికి 70 వంతున 1,40,000. అందు మరమ్మతు వ్యయము 30,000 తీసివేయగా 1,10,000. ధనికుడు ఇంతకు మించి ఇయ్యడు. తనకు 10,000 మిగులవలెనన్నచో ఇంటివారికి లక్షయే చెప్పవలెను. మేమును బడిలో లాభనష్టముల లెక్కలు చెప్పువారమే; గుణకారమున తప్పులేదు. కాని ఉన్న స్థితిలో ఆ యిల్లు పదిమంది యెదుట ఎంత పలుకునన్న ప్రశ్న ఈ లెక్కలో ఏ వరుసలోను లేదు. ఆ ప్రశ్న ఇంటివారికి తోచకుండుటయే ఈ వ్యాపారపు మూలధనము.

"మేము ఇల్లు అమ్ముట లేదు, ఒప్పందమునే అమ్ముచున్నాము" అని వీరి సమాధానము. అట్లైన ప్రకటనలో ఇంటి ఛాయాచిత్రమేల? గదుల లెక్కయేల? తనదికాని సొత్తును అమ్ముటను మన ధర్మశాస్త్రములు అస్వామివిక్రయమని, పదునెనిమిది వ్యవహారపదములలో నొకటిగా నెంచినవి. అమెరికా రాష్ట్రములును ఈ సందునే పట్టుకొనుచున్నవి. ఏడాదిలో ఒకటికి మించి యిట్టి బేరములు చేయువానికి ఇల్లినాయ్ 2019లో లైసెన్సు విధించినది. 2021లో ఓక్లహోమా, ఇట్టి హక్కును బహిరంగముగా ప్రకటించువానికి అదే నియమము పెట్టినది. దక్షిణ కరోలినా 2024లో, తాను స్వంతదారు కాకముందే ఇంటిని అమ్మకమునకు ప్రకటించుటను నిషేధించినది.

ఇంటివారికి సత్వరముగా సొమ్ము చేరునను వాదమొకటి కలదు. పన్ను వేలము దగ్గరపడినప్పుడు సత్వరతకు విలువ కలదని మేమును ఒప్పుకొందుము. కాని ఇట్టి ఒప్పందములలో తనిఖీ పేరిట వెనుదిరుగు వీలును వ్రాసికొనుట వాడుక. ధనికుడు దొరకనిచో ఇతడు తప్పుకొనును. ఇంటివారికి మిగులునది వారములు గడచిన వేలపుతేదీ. మన తెలుగునాటను బయానా ఇచ్చిన పొలము రిజిస్ట్రేషను కాకయే చేతులు మారుచుండుట చూచుచునే యున్నాము. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 54వ సెక్షను ప్రకారము క్రయపు ఒప్పందము మాత్రముచేత ఆస్తిపై ఏ హక్కును కలుగదు.

దీనిలో దిగదలచిన యువకుల నొకటి యడిగెదము. "ఈ ఒప్పందమును మరొకరికి మార్చి నేను ఇంత గైకొందును" అని మొదటి పుటలోనే వ్రాయుడు. సంతకమునకు ముందు, లైసెన్సుగల వేరొక దళారిచేత ధర కట్టించుకొనుటకు ఇంటివారికి పదిదినముల గడువిండు. అప్పుడు ఎన్ని సంతకములు దొరకునో చూడుడు.