పాఠం లేని పట్టాలు

అమెరికా సీటు ఇప్పిస్తామనే కన్సల్టెన్సీల బోర్డులు తిరుపతి, చిత్తూరు వీధుల్లో కొత్తేమీ కావు. ఆ మెట్లెక్కే ముందు, అమెరికాలో మూతపడిన రెండు 'యూనివర్సిటీల' కథ తెలుసుకోవాలి.

కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీపై వీసా మోసం ఆరోపణలతో 2011 జనవరిలో అధికారులు దాడి చేశారు. విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, అందులోనూ మన తెలుగు పిల్లలే ఎక్కువ. రికార్డుల్లో వందల మందికి ఒకే అపార్ట్‌మెంట్ చిరునామా! కొందరి కాళ్లకు నిఘా కోసం రేడియో ట్యాగులు తగిలించారు. యజమానురాలికి 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

మిషిగాన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ తీరు ఇంకా విడ్డూరం. అది వీసా మోసాలను పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వమే పన్నిన వల. అధ్యాపకుడు లేడు, తరగతి లేదు. గుర్తింపు జాబితాలో పేరు మాత్రం ఉంది. 2019లో మొదట పట్టుబడిన విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. వాళ్లను చేర్పించి కమీషన్లు దండుకున్న ఎనిమిది మంది దళారులూ మనవాళ్లే. తరగతులుండవని తెలిసే చేరినవారు ఉండొచ్చు; ప్రభుత్వమే ఫీజులు వసూలు చేసి బేడీలు వేయడం మాత్రం ఏ న్యాయం?

తల్లిదండ్రులారా, పొలం తాకట్టు పెట్టేముందు వారానికి ఎన్ని తరగతులో, పాఠం చెప్పేదెవరో అడగండి. చేరిన మొదటి రోజు నుంచే పూర్తికాలం ఉద్యోగమన్నారా, లేచి వచ్చేయండి.