మాస్టర్ పావోల్ ఇల్లు

స్లొవాకియాలోని లెవోచాకు వెళ్ళేవారు సెయింట్ జేమ్స్ చర్చిలోని ప్రధాన వేదికను చూసి, దానిని చెక్కిన మాస్టర్ పావోల్ ఇంటిని వదిలేస్తుంటారు. అక్కడ ఉన్నవి నకళ్ళేనట! నాకు ఈ వాదన సమ్మతం కాదు.

1507-1517 మధ్య లిండెన్ కర్రతో రూపొందిన ఆ గోథిక్ వేదిక ఎత్తు 18.6 మీటర్లు. ఎంత మెడ నిక్కించినా పైనున్న ముఖాలు అందవు. ఇంట్లోనైతే ప్రతిమల ఎదురుగా నిలబడి కనురెప్పల బరువు, చెంపల ముడతలు తీరికగా చూడవచ్చు.

1550 నాటి అగ్నిప్రమాదంలో పట్టణ దస్తావేజులు కాలిపోయాయి. ఆయన ఇంటిపేరు కూడా మిగల్లేదు. అలాంటి మనిషి ఇంట్లో ఆయన బొమ్మలు కాక మరేం వెదుకుతాం? ముందు ఇల్లు చూడండి. తరువాత చర్చికి వెళితే, వేదిక అడుగున కడరాత్రి భోజనంలో, యేసు ఒడిలో తలవాల్చిన యోహానును కళ్ళు వాటంతటవే వెదుక్కుంటాయి.