విమానవిద్య: ముందిచ్చిన సొమ్ము

విమానము నడపవలెనను కోరిక నేడు శ్రీమంతుల బిడ్డలకు మాత్రమే చెల్లునది కాదు. రెండెకరముల మాగాణి గల రైతును, నెలజీతముపై బ్రతుకు ఉపాధ్యాయుడును తమ కుమారునో కుమార్తెనో వైమానికపదవియందు జూడగోరి, పొలమమ్మియో, ఇల్లు కుదువబెట్టియో లక్షలకొలది రూపాయలు కూర్చుచున్నారు. ఈ యుత్సాహమును మేము హృదయపూర్వకముగా నభినందించుచున్నాము. అయితే, ఆ ధనము పాఠశాలవారి ఖాతాలో బడిన పిదప దాని గతి యేమగునో ముందుగా విచారించువారు మిక్కిలి యరుదు. ఈ వారము ఆ సంగతినే పాఠకుల యెదుట నుంచదలచితిమి.

అమెరికాదేశమున జరిగిన యొక యుదంతము ఇందులకు తార్కాణముగా నున్నది. నెవాడా రాష్ట్రమున సిల్వర్ స్టేట్ హెలికాప్టర్స్ అను సంస్థ యుండెడిది. అనేక రాష్ట్రములందు దానికి శాఖలుండెను. సుమారు 70 వేల డాలర్లు చెల్లించినచో హెలికాప్టరు నడపు వృత్తికి వలయు విద్యనంతయు నేర్పుదుమని వారు ప్రకటించిరి. అంత ధనము చేత లేని యువకులకు బ్యాంకు అప్పు చూపిరి. పెక్కుర విషయమున ఆ సొమ్ము విద్య పూర్తికాకమునుపే పాఠశాలకు జేరిపోయెను. 2008 ఫిబ్రవరి ఆరంభమున ఆ సంస్థ హఠాత్తుగా తలుపులు మూసి దివాలా ప్రకటించెను. రెండువేలకు పైబడిన విద్యార్థులు నడివీధిని నిలిచిరి. విద్య లేదు, సొమ్ము లేదు, అప్పుమాత్రము వడ్డీతో మిగిలినది.

విద్యార్థులలో కొందరు అప్పిచ్చిన బ్యాంకుపై న్యాయస్థానమున కేగిరి. కాని వారు సంతకము చేసిన పత్రమున, వివాదమును కోర్టులో గాక మధ్యవర్తుల యెదుటనే తేల్చుకొనవలెనను షరతు కలదు. ఆ షరతు వలదనువారు 60 దినములలో వ్రాతమూలమున దెలుపవచ్చునని ఆ పత్రముననే యున్నది. 2013లో అచ్చటి తొమ్మిదవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానము ఆ షరతు చెల్లునని తీర్పు చెప్పి వారిని మధ్యవర్తుల కడకే పంపెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యనగా నిదియే కదా! సంతకము చేయునాడు చదువవలసిన వాక్యమును ఆపద వచ్చిననాడు చదివిన నేమి ఫలము?

ఈ యుదంతమునుండి గ్రహింపవలసినది యొక్కటే. ఎగిరిన గంటకు చెల్లించినది రుసుము. ఎగురబోవు గంటకు ముందిచ్చినది అప్పు. ఆ యప్పునకు తాకట్టు లేదు, జామీను లేదు. పాఠశాల కూలినయెడల, విమానములపై హక్కుగల బ్యాంకువారు ముందు తమ బాకీ రాబట్టుకొందురు. విద్యార్థి వెనుకవరుసలో నిలిచి, మిగిలిన చిల్లరకై చేయి చాపవలసినదే. లోకమునకు విద్యార్థిగా గనబడువాడు నిజమునకు ఋణదాత యగుచున్నాడు. రాబడి తగ్గిన పాఠశాలలో నేడు చేరినవాని సొమ్ముతో నిన్నటివాని విమానమునకు ఇంధనము పోయుదురు. కొత్తవారి రాక నిలిచిననాడు చక్రము నిలిచిపోవును.

మన దేశమున వాణిజ్య వైమానికుని లైసెన్సునకు 200 గంటలు ఎగురవలెను. ఎగురు యోగ్యతగల విమానములు చాలకున్నను, శిక్షకులు విమానసంస్థలలో కొలువులకు వెడలిపోయినను, వర్షఋతువు పట్టుకొన్నను ఆ గంటలు నెలలకొలది వెనుకబడును. పాఠశాల దివాలా తీయనక్కరలేదు. ఆలస్యమే భోజనవసతుల ఖర్చులతో కుటుంబమును దివాలా తీయింపగలదు. పౌరవిమానయాన డైరెక్టర్ జనరల్ కార్యాలయమువారు 2025లో శిక్షణసంస్థలకు తరగతులు నిర్ణయింప నారంభించిరి. ఇది మెచ్చదగిన పని. అయినను తరగతి తండ్రి సొమ్మునకు జామీను కాజాలదు.

కావున తలిదండ్రులకు మా మనవి యిది. మొత్తము ఒక్కమారు చెల్లించినచో తగ్గింపు నిత్తుమను మాటకు లోబడకుడు; ఆ తగ్గింపు మీరు మోయు నపాయమునకు వారు కట్టిన వెల. పది, ఇరువది గంటలకు సరిపడు సొమ్ముమాత్రమే చెల్లించి, అవి యెగిరిన పిదప తక్కినది చెల్లింపుడు. బ్యాంకు అప్పు గైకొన్నచో ఆ ప్రకారమే వాయిదాలుగా విడుదల చేయుమని కోరుడు. మధ్యలో మానినయెడల ఎంత సొమ్ము, ఎన్ని దినములలో తిరిగి యిత్తురో వ్రాయించుకొనుడు, నోటిమాట చాలదు. ఇంధనపు ధర పెరుగుదల, పరీక్షకుని రుసుము, వసతి మున్నగునవి మొత్తములో చేరినవో లేదో యడుగుడు. రసీదు సంస్థ పేరనే యుండవలెను, మధ్యవర్తి పేర గాదు. అన్నిటికంటె ముందు ఆ విమానాశ్రయమునకు స్వయముగా బోయి, ఎన్ని విమానములు గాలిలో నున్నవో, ఎన్ని కొట్టములో మూలుగుచున్నవో, ఎందరు విద్యార్థులు వంతుకై కాచియున్నారో కన్నులార చూడుడు. విద్యార్థి తన లాగ్ పుస్తకమునకును, శిక్షకుడు సంతకము చేసిన ప్రతి పత్రమునకును నకలు తన కడ నుంచుకొనవలెను. పాఠశాల మూతబడిననాడు ఎగిరిన గంటలకు అవియే సాక్ష్యము.

ముందుగా సొమ్ము రానిదే విమానములు కొనుట యెట్లని పాఠశాలలవారు ప్రశ్నింపవచ్చును. విమానములు కొనుటకు బ్యాంకులున్నవి, వాటాదారులున్నారు. వారు లెక్కలు పరిశీలించి, తాకట్టు గైకొని మరి ధనమిత్తురు. లెక్కలు చూపక, తాకట్టు పెట్టక, పదునెనిమిదేండ్ల బాలునివద్ద మూలధనము సేకరించుట ఏ న్యాయము? నిజాయితీగల పాఠశాలలు లేకపోలేదు. ఎగిరిన గంటలకే సొమ్ము గైకొను పద్ధతివలన అట్టివారికి నష్టము రాదు. వారి ప్రతిష్ఠయే హెచ్చును.

అయినను భారమంతయు తలిదండ్రులపై మోపి ప్రభుత్వము తప్పుకొనరాదు. 2016 నాటి స్థిరాస్తి చట్టము ప్రకారము, ఇల్లు కొనువారు చెల్లించిన సొమ్ములో నూటికి 70 వంతులు ప్రత్యేకఖాతాలో నుంచి, కట్టడము సాగినకొలదిని మాత్రమే తీయవలెను. ఇటుకలకు గల రక్షణ విద్యకు లేకుండుట వింత గాదా? విద్యార్థులు ముందిచ్చిన సొమ్మును ప్రత్యేకఖాతాలో నుంచి, ఎగిరిన గంటల లెక్కప్రకారమే తీయవలెనను నిబంధనను ప్రతి శిక్షణసంస్థ అనుమతిపత్రమునను చేర్పవలెనని మేము కోరుచున్నాము. విమానపు మరలను పరీక్షించు ప్రభుత్వమునకు ఖాతాను పరీక్షించుట అసాధ్యము కానేరదు. అట్టి నిబంధన వచ్చుదాక, ఎగురని గంటకు సొమ్ము చెల్లింపకుండుటయే మనవారికి శరణ్యము.