డ్యూయల్ సిమ్ పేటెంట్ ఎందుకు రద్దయింది? సిమ్ స్టార్టర్ తయారుచేసేవాళ్లు తెలుసుకోవాల్సిందేంటి?

కలిదిండి, కైకలూరు వైపు చేపలు, రొయ్యల చెరువులున్నవారికి సిమ్ వేసిన మోటారు స్టార్టర్ కొత్త కాదు. ఇంట్లోంచి ఫోన్ చేస్తే చాలు, మోటారు ఆన్ అవుతుంది. కరెంటు పోతే మెసేజ్ వచ్చేవీ ఉన్నాయి. ఇలాంటి పరికరానికి ఎవరైనా కొత్త మార్పు చేస్తే పేటెంట్ వస్తుందా? వచ్చినా నిలబడుతుందా? డ్యూయల్ సిమ్ కేసు చూస్తే అర్థమవుతుంది.

ఆ కేసేంటి?

ఒకే ఫోన్‌లో ఒకటికి మించి సిమ్‌లు వాడే విధానంపై మదురైకి చెందిన ఎస్.రామ్‌కుమార్ 2002లో దరఖాస్తు చేశారు. 2008లో పేటెంట్ వచ్చింది. దాని ఆధారంగా ఆయన కస్టమ్స్‌ను ఆశ్రయించడంతో డ్యూయల్ సిమ్ ఫోన్ల దిగుమతులకు చిక్కులొచ్చాయి. స్పైస్, శాంసంగ్ కంపెనీలు మేధో సంపత్తి అప్పీళ్ల బోర్డుకు వెళ్లాయి. 2012 జూన్‌లో బోర్డు ఆ పేటెంట్‌ను రద్దు చేసింది. అప్పటికే ఉన్న పరిజ్ఞానంతో పోలిస్తే అందులో చెప్పుకోదగ్గ కొత్తదనం లేదన్నది ప్రధాన కారణం.

ఇచ్చిన పేటెంట్‌ను రద్దు చేయొచ్చా?

చేయొచ్చు. పేటెంట్ ఇచ్చినంత మాత్రాన అది చెల్లుతుందని ప్రభుత్వం హామీ ఇచ్చినట్టు కాదని చట్టంలోని 13వ సెక్షనే చెబుతోంది.

తర్వాత ఏం మారింది?

2018లో కస్టమ్స్ నిబంధనల నుంచి పేటెంట్లను తీసేశారు. 2021లో అప్పీళ్ల బోర్డు రద్దయింది. ఇప్పుడు ఈ వివాదాలు హైకోర్టులకు వెళ్తున్నాయి.

దరఖాస్తు ఎలా?

రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై పేటెంట్ కార్యాలయం పరిధిలోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో పంపొచ్చు. వ్యక్తులకు దరఖాస్తు ఫీజు రూ.1,600, పరిశీలన కోరడానికి రూ.4,000. ఏజెంటును పెట్టుకుంటే ఆ ఖర్చు వేరు. పూర్తి వివరాలు సిద్ధంగా లేకపోతే ముందు తాత్కాలిక దరఖాస్తు వేసి, 12 నెలల్లోపు పూర్తి వివరాలు ఇవ్వాలి. పరిశీలన కోరడానికి గడువు 31 నెలలు. పేటెంట్ వస్తే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు ఉంటుంది.

ఈ రెండూ మర్చిపోవద్దు

ఒట్టి మొబైల్ యాప్‌కు, అంటే కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు పేటెంట్ రాదు. పరికరం పనితీరులో సాంకేతికంగా కొత్త మెరుగుదల చూపించగలగాలి. రెండోది ఇంకా ముఖ్యం. దరఖాస్తుకు ముందే పరికరం ఎలా పనిచేస్తుందో యూట్యూబ్‌లో వివరించినా, మార్కెట్లో అమ్మినా కొత్తదనం పోయినట్టే. అవతలివాళ్లు రేపు అదే వీడియోను మీ పేటెంట్ రద్దుకు సాక్ష్యంగా చూపించొచ్చు. అందుకే ముందు దరఖాస్తు, తర్వాతే ప్రచారం.