డ్రైవర్ దొరకని ప్రింటరు తుక్కేనా?



విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. అప్పటి నుంచి పత్రికల్లోనూ టీవీల్లోనూ వినపడుతున్న సలహా దాదాపు ఒకటే: విండోస్ 11 వేసుకోండి, మీ కంప్యూటర్ దానికి సరిపోకపోతే కొత్తది కొనుక్కోండి. ఈ సలహా ఇచ్చినవాళ్లలో దుత్తలూరు లాంటి మండల కేంద్రంలో జిరాక్సు షాపు నడిపినవాళ్లు ఒక్కరూ ఉన్నట్టు లేరు.

అలాంటి షాపులో ఏముంటుంది? పదేళ్లు దాటిన డెస్క్‌టాప్, ఒక లేజర్ ప్రింటరు, ఒక స్కానరు, ఈకేవైసీ కోసం వేలిముద్రల పరికరం. రోజంతా అడంగల్, 1బి నకళ్లు, హాల్‌టికెట్లు, పెన్షను కాగితాలు, సందు దొరికితే పెళ్లి శుభలేఖల డీటీపీ. కంప్యూటర్‌కు తగిలించిన ఈ వస్తువులు కదిలితేనే షాపుకు నాలుగు డబ్బులు. విండోస్ మార్చడం ఒక పూట పని. ఇంటెల్‌లో అయితే 8వ తరం చిప్పు, టీపీఎం 2.0 భద్రతా చిప్పు ఉండాలన్న నిబంధనను దాటేసి పాత మిషన్‌లోనూ విండోస్ 11 ఎక్కించే కుర్రాళ్లు చిన్న ఊళ్లలోనూ ఉన్నారు. స్క్రీను వెలుగుతుంది, కొత్త మెనూ వస్తుంది, ప్రింటరు మాత్రం ఉలకదు పలకదు.

దాన్ని బైకు మీద పెట్టుకుని ఆత్మకూరుకో ఉదయగిరికో పోతే మెకానిక్కు చెప్పేది ఇదీ: “మిషన్‌కేం కాలేదన్నా, డ్రైవరే దొరకడంలా. కొత్తది తీసుకో.” ఏమీ చెడిపోని వస్తువును పారేయమనే ఆ మాటతోనే ఈ లేఖకు పేచీ.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. డ్రైవర్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కూ పరికరానికీ మధ్య నడిచే చిన్న ప్రోగ్రాం. 32 బిట్ విండోస్‌కు రాసిన డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో పనిచేయదు. విండోస్ 11కేమో 32 బిట్ రూపమే లేదు. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ల పద్ధతి మారింది, 64 బిట్ విస్టాలో కెర్నెల్ (సిస్టమ్ కేంద్ర భాగం) డ్రైవర్లకు డిజిటల్ సంతకం తప్పనిసరి అయింది. విండోస్ 10 వచ్చాక, కొత్త కెర్నెల్ డ్రైవర్లకు ఆ సంతకం మైక్రోసాఫ్ట్ దగ్గరే పెట్టించుకోవాలన్నారు. ఎక్స్‌పీ కాలంలో కొన్న స్కానరుకు కంపెనీ కొత్త డ్రైవర్ రాయకపోతే గాజు పలక, మోటారు, లైటు అన్నీ బాగున్నా దాని పని అక్కడితో సరి.

హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లోపల జరిగేది చూస్తే డ్రైవర్ విలువ తెలుస్తుంది. 2005లో వచ్చిన ఈ ప్రింటరును మన షాపుల్లో చూడనివాళ్లు తక్కువ. పేజీని తయారుచేసే పనంతా కంప్యూటర్‌కు అప్పగించి, ఆ మేరకు ప్రింటరును చౌకగా చేశారు. పైగా అది తనను నడిపే అంతర్గత ప్రోగ్రామైన ఫర్మ్‌వేర్‌ను కూడా తన దగ్గర దాచుకోదు. స్విచ్చి వేసిన ప్రతిసారీ కంప్యూటర్‌లోని డ్రైవర్ ఆ ఫర్మ్‌వేర్‌ను యూఎస్‌బీ తీగ గుండా దానికి ఎక్కించాలి. ఎక్కాకే పేజీ తీసుకోవడానికి సిద్ధమవుతుంది. డ్రైవర్ లేకుంటే మిగిలేది టోనరు, డ్రమ్ము, రోలర్లు ఉన్న ప్లాస్టిక్ పెట్టె. కెనాన్ ఎల్‌బీపీ 2900 కూడా పేజీ తయారీని కంప్యూటర్ మీదే వదిలేసే రకం. ఈ రెండింటికీ కంపెనీలు 64 బిట్ డ్రైవర్లు ఇచ్చాయి కాబట్టే అవి ఇప్పటికీ కాగితం లాగుతున్నాయి. అలా ఇవ్వని మోడళ్లు పాత సామాన్ల బండి ఎక్కాయి.

కాబట్టి డ్రైవర్ కూడా అమ్మిన వస్తువులో భాగమే. కొన్నవాడు దానికీ కలిపే డబ్బు కట్టాడు. దాన్ని అందుబాటులో ఉంచే బాధ్యత అమ్మినవాడిది.

ఆ బాధ్యత ఎవరికీ పట్టకపోతే ఏమవుతుందో, పాత మోడల్ పేరు గూగుల్‌లో కొట్టి చూస్తే అర్థమవుతుంది. కంపెనీ సైటు కన్నా ముందు ‘డ్రైవర్ అప్‌డేటర్’లు వరస కట్టి ఉంటాయి. పెద్ద పచ్చ బటన్ నొక్కితే అడగని టూల్‌బారు ఒకటి దిగుతుంది, లేదంటే మీ కంప్యూటర్‌లో లోపాలున్నాయి, బాగుచేయాలంటే డబ్బు కట్టండని బెదిరింపు. జనం ఆధార్ నంబర్లు, బ్యాంకు పాసుపుస్తకాల నకళ్లు ఉన్న కంప్యూటర్లోకి ఈ చెత్తంతా చేరుతోంది.

తెలిసిన మెకానిక్కులు దారి వెతుక్కుంటారు, అది వాళ్ల గొప్ప. డివైస్ మేనేజర్ తెరిచి, పసుపు పచ్చ గుర్తు ఉన్న వరస మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీలు చూస్తారు. తయారీదారు కోడ్ 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్. ఆ ఐడీని మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్‌లో వెతికితే చాలాసార్లు డ్రైవర్ దొరుకుతుంది. ఒక్కోసారి నెట్‌వర్క్ కార్డుకే డ్రైవర్ ఉండదు. డ్రైవర్ దించాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి! అప్పుడు ఆండ్రాయిడ్ ఫోనును తీగతో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ పెడతారు. ఉన్న డ్రైవర్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసిపెట్టే కమాండ్ విండోస్ 10లోనే ఉంది. 64 బిట్ నుంచి 64 బిట్‌కు మారేవాళ్లను అది చాలావరకు గట్టెక్కిస్తుంది. ఫార్మాట్ కొట్టాక గుర్తొస్తే లాభం లేదు.

ఇన్ని తిప్పలూ ఫలించాలంటే ఆ ఫైలు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. కానీ 2019 నవంబరులో ఇంటెల్ పాత మదర్‌బోర్డుల డ్రైవర్లను, బయోస్ ఫైళ్లను తన డౌన్‌లోడ్ సైటు నుంచి తీసేసింది. ప్రింటరు కంపెనీల డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా పంచే పద్ధతికి దశలవారీగా స్వస్తి చెబుతామని 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 2027లో మొదలయ్యే దశలో భద్రతా సవరణలు తప్ప మిగతా సవరణలు ఆ దారిన రావు. కొత్త ప్రింటర్లన్నిటికీ విండోస్‌లోని ఉమ్మడి డ్రైవర్ చాలంటారు. కొత్తవాటి వరకు అది చాలామటుకు నిజమే. 1020 లాంటి పాత యూఎస్‌బీ ప్రింటరుకు మాత్రం ఆ ఉమ్మడి డ్రైవర్ అక్కరకు రాదు.

కంపెనీలు చెప్పేదాంట్లోనూ కొంత న్యాయం ఉంది. పాత డ్రైవర్లలోని లోపాలను పట్టుకుని హ్యాకర్లు చొరబడుతున్న మాట వాస్తవం. అందుకే ప్రమాదకరమైన డ్రైవర్ల జాబితా పెట్టి మైక్రోసాఫ్ట్ వాటిని అడ్డుకుంటోంది. ఇరవై ఏళ్ల నాటి స్కానరును ప్రతి కొత్త విండోస్‌తోనూ పరీక్షించమని అడగడం అత్యాశే. అడుగుతున్నవి రెండే. చివరిసారి విడుదల చేసిన డ్రైవర్‌ను సైటు నుంచి తీసేయవద్దు. ఇక రాయబోమని అనుకున్న రోజున, ఆ పరికరాన్ని ఎలా నడపాలో చెప్పే సాంకేతిక పత్రాలు బయటపెట్టండి. మిగతాది చూసుకునేవాళ్లు ఉన్నారు. లేజర్‌జెట్ 1020ని లైనక్స్‌లో నడిపే ఫూ2జెడ్‌జేఎస్ డ్రైవర్‌ను రాసింది కంపెనీతో సంబంధం లేని ప్రోగ్రామరు. 2007లో ఏఎండీ తన గ్రాఫిక్స్ చిప్పుల పత్రాలు విడుదల చేయబట్టే వాటికి ఓపెన్ సోర్స్ డ్రైవర్లు బలపడ్డాయి. లైనక్స్ వాడకం కష్టమనుకోనక్కర్లేదు: కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి లైనక్స్‌తోనే పాఠాలు సాగుతున్నాయి.  

డ్రైవర్లను అందుబాటులో ఉంచాలన్న నిబంధన ఆచరణలో కుదరదనేవాళ్లకు ఐరోపా సమాధానం. అక్కడ సర్వర్లు తయారుచేసే కంపెనీలు చివరి సర్వర్‌ను మార్కెట్లోకి వదిలాక 8 ఏళ్ల దాకా దాని ఫర్మ్‌వేర్‌ను అందుబాటులో ఉంచాలన్న నిబంధన 2021 మార్చి నుంచి ఉంది. మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. ఆ శాఖ వేసిన కమిటీ 2025 మేలో వస్తువును ఎంత తేలిగ్గా బాగుచేయవచ్చో మార్కులతో చెప్పే మరమ్మతు సూచీ మీద నివేదిక ఇచ్చింది. మొదటి విడతలో అది పట్టించుకున్నది స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లను. ప్రింటరు, స్కానరు, వేలిముద్రల పరికరం కూడా ఆ వరసలోకి రావాలి. సూచీలో విడిభాగాలకు మార్కులు వేసినట్టే డ్రైవర్‌కూ వేయాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలే 15,004. వాటిలోని కంప్యూటర్లకూ ప్రింటర్లకూ వయసు మీద పడుతోంది. రేపో మాపో వాటికీ ఇదే తంటా. ఇంత పెద్ద కొనుగోలుదారు టెండరులో ఒక షరతు రాస్తే కంపెనీలు వినక తప్పదు: అమ్మకం ఆగిన తర్వాత 10 ఏళ్లు డ్రైవర్ కంపెనీ సైటులో ఉండాలి, ఒక నకలు రాష్ట్ర ఐటీ శాఖకు ఇవ్వాలి, దాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోగలగాలి. సచివాలయం కోసం భద్రపరిచిన డ్రైవర్, అదే మోడల్ వాడే ఎదుటి జిరాక్సు షాపుకూ పనికొస్తుంది. తర్వాతి టెండరు పిలిచేలోగా ఈ షరతు చేర్చమని ఐటీ శాఖను మీ పత్రిక తరఫున అడగాలని సంపాదకులకు విజ్ఞప్తి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
దుత్తలూరు, నెల్లూరు జిల్లా