తీరిక వేళ: అగ్గిపెట్టెంత బొమ్మ

కోవిల్‌పట్టి బ్రాంచిలో ఉండగా నాకు అగ్గిపెట్టెంత బొమ్మలు వేసే సరదా పట్టుకుంది. అది చిత్రకారులు కొండయ్యరాజు (1898-1976) గారి ఊరు మరి! మదరాసులో చిత్రకళ నేర్చి, నాటక కంపెనీకి తెరలు వేస్తూ వచ్చి అక్కడే స్థిరపడ్డారాయన. ఆయన వేసిన దేవుళ్లు శివకాశిలో కేలండర్లుగా అచ్చై ఇంటింటికీ చేరారు.

విరుదునగర్‌కు బదిలీ అయ్యాక నా చూపు మందగించింది. సన్న కుంచెతో అమ్మవారికి కనుపాప దిద్దబోతే చుక్క ముక్కు మీద పడింది. ఆరునెలలు రంగుల పెట్టె ముట్టలేదు. (అంకెల్లో తప్పు దొర్లితే సహించని ఉద్యోగం కదా!)

మొన్న మనవరాలు చూసి, "తాతా, అమ్మవారికి ముక్కుపుడక బాగుంది!" అంది. ఆ చుక్కకు కాస్త పసుపు అద్దాను. ఇప్పుడు రాత్రిపూట పావుగంట కూర్చుంటున్నాను. చీర అంచు సగమైంది.