పాత దొంగ అనే మాట మానుదాం: భిక్నూర్ ప్రణాళిక

మన మండలంలో ఏ పొలంలోనైనా రాత్రి బోరు మోటరు వైరు కోసుకపోతే తెల్లారి ఏం జరుగుతుందో అందరికీ ఎరుకే. పదేళ్ల కింద ఒకసారి పట్టుబడ్డాయన ఇంటి ముందు పదిమంది నిలబడతారు. ఆయన భార్య బీడీల చాట ఒళ్లోంచి దించి లేచి నిల్చుంటుంది. ఆ రోజు పిల్లలు బడికి పోరు. కోసింది వేరేవాళ్లని తర్వాత తేలినా, ఆ ఇంటికి పోయి తప్పయిందని చెప్పిన పెద్దమనిషిని మేం చూడలేదు.

ఈ అలవాటు మాన్పించడానికే కూడుతున్నాం. పేరు ఇంకా పెట్టుకోలేదు. మన కొట్లాటే పేర్లు పెట్టడం మీద కాబట్టి తొందర లేదు.

మనిషి ఎందుకు దొంగతనం చేస్తాడని అందరూ అడుగుతారు. ట్రావిస్ హిర్షి అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1969లో ఆ ప్రశ్నను తిరగేశాడు: మిగతావాళ్లు ఎందుకు చేయరు? అయినవాళ్ల మీద మమకారం, పోగొట్టుకోవడానికి చేతిలో ఏదో ఒకటి, పొద్దంతా పని, తప్పు తప్పేనన్న నమ్మకం. ఈ నాలుగు తాళ్లే మనిషిని ఊరికి కట్టి ఉంచుతాయన్నాడు. మాకు రెండోది బాగా తగిలింది. పోగొట్టుకోవడానికి పరువే మిగలనివాడు దేనికి భయపడతాడు? ఆ పరువు తీసేది మనమే.

ఆ తాళ్లను సర్కారే చట్టం పెట్టి తెంపిన కాలం ఉంది. 1871 నేరస్థ జాతుల చట్టం పుట్టుకనే నేరం చేసింది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాక, బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలను ఉంచి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. 1952లో చట్టం పోయింది, వాళ్లు విముక్త జాతులయ్యారు. 1970లలో లవణం, హేమలతా లవణం దంపతులు అక్కడ సంస్కరణకు దిగారు. ఇంత జరిగినా 2023లో సినిమావాళ్లు ఆ ఊరి నుంచి తెచ్చి చూపింది దొంగనే.

తెగిన తాళ్లు మళ్లీ ముడిపడతాయా? రాబర్ట్ శాంప్సన్, జాన్ లాబ్ అనే ఇద్దరు పరిశోధకులు హార్వర్డ్ లైబ్రరీ నేలమాళిగలోని పాత అట్టపెట్టెలు విప్పారు. బోస్టన్‌లో ఎప్పుడో పట్టుబడ్డ 500 మంది కుర్రాళ్ల కాగితాలవి. నిలకడైన పని, పొత్తు కుదిరిన సంసారం దొరికినవాళ్లు చాలావరకు ఆ దారి వదిలేశారని తేలింది. అలాంటి పని మన దగ్గరా ఉంది: మన జైళ్ల శాఖ పెట్రోలు బంకుల్లో ఖైదీలు, విడుదలైనవాళ్లు పని చేస్తున్నారు గదా!

దొంగతనం ఒప్పని మేం అనడం లేదు. వైరు పోయిన రైతుకు మడి ఎండుతుంది, ఆయన కోపం నిజం. మరి వడ్ల కాంటా దగ్గర తరుగు పేరుతో కిలోలు కోస్తే దాన్ని దొంగతనమని ఎందుకు అనం? పరువున్నవాళ్లు కొలువులో చేసే ఇలాంటి తప్పును వైట్ కాలర్ నేరమని సదర్లాండ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1939లోనే అన్నాడు.

జైలు నుంచి వచ్చినాయన హైవే మీద బస్సు దిగే రోజు మాలో ఇద్దరం అక్కడ ఉంటాం. ఆ వారంలోనే నాట్లకో, హమాలీకో పని చూపిస్తాం. కేసు పేరుతో మనిషిని పిలవం. ఈ పరిశోధనల సంగతులు రచ్చబండ దగ్గర తెలుగులో చెప్పమని ఇక్కడి యూనివర్సిటీ సౌత్ క్యాంపస్ పిల్లలను అడుగుతాం. చందా లేదు. వైరు పోయినవాళ్లూ రావచ్చు, కోసినవాళ్లూ రావచ్చు.

ఈసారి వైరు పోతే ఫిర్యాదు రాసిస్తాం, గుంపుగా ఎవరింటికీ పోము. అనుమానం తప్పని తేలితే వేలు చూపినవాళ్లే ఆ ఇంటికి పోవాలి, ఆ బీడీల చాట ముందు కూచొని చెప్పాలి.